పాతాళగరిగె అందని లోతు

మా పెరటి నూతిలో బొక్కెన పడినప్పుడెల్ల వీధి చివరనున్న వృద్ధుడొకనిని పిలుచుకొని వచ్చుట నా చిన్ననాట నాకు అప్పగింపబడిన పని. ఆయన కొక్కెముల గుత్తివలె వ్రేలాడు పాతాళగరిగెను భుజమున వేసికొని వచ్చి, వెంటనే దానిని నీటిలోనికి దింపక, నూతిగట్టుమీద కూర్చుండి, మా నాయనమ్మను మూడు ప్రశ్నలు అడిగెడివాడు: "ఎప్పుడు పడిందమ్మా? గిలక్కి ఏ పక్కన పడింది? తాడుతో పడిందా, తాడు తెగి పడిందా?" సమాధానములు దొరకిన పిమ్మటనే గరిగె నీటిని తాకెడిది. త్రాడుతో పడినదని తెలిసినచో ఆయన బొక్కెనను వెదకెడివాడు కాడు. అడుగున పామువలె పరచుకొనియుండు త్రాటిని వెదకెడివాడు. చేతిలోని మోకుపై రెండు వ్రేళ్లు ఆనించి, ఇది రాయి, ఇది ఒర, ఇది బొక్కెన చెవి యని కన్నులు మూసికొని చెప్పెడివాడు. తొందరపడి కెలికినచో బురద లేచి బొక్కెన మరింత కూరుకొనిపోవునని పిల్లలమగు మమ్ము ఆ దరికి రానిచ్చెడివాడు కాడు. ముప్పది యడుగుల నూతిలో, పడిన వస్తువేదో తెలిసియుండియు, చుట్టును రాతి ఒర కట్టడి చేసియుండియు, ఒక్కొక్కప్పుడు ఆ పనికి పూటంతయు పట్టెడిది.

సముద్రగర్భమున తప్పిపోయిన సబ్‌మెర్సిబుల్‌ను, అనగా మనుష్యులను కొలదిగంటల పాటు అగాధమునకు దింపి మరల పైకి తెచ్చు చిన్న నిమజ్జన నౌకను, వెదకిపట్టుట ఏల ఇంత దుష్కరమని లోకమంతయు ఒక్కమారుగా ప్రశ్నించుకొనుటకు 2023 జూన్ నెలలో జరిగిన టైటన్ దుర్ఘటన కారణమైనది. అప్పుడు వ్రాయబడిన వ్యాసములలో పెక్కు సముద్రపు లోతును, చీకటిని, పీడనమును వర్ణించి ఊరుకొన్నవి. అవి అసత్యములు కావు. కాని వానితో ప్రశ్న తీరదు. 1968వ సంవత్సరమున, కొలది నెలల వ్యవధిలో, ఇశ్రాయేలు దేశపు జలాంతర్గామి డకార్ మధ్యధరా సముద్రమునను, అమెరికా జలాంతర్గామి స్కార్పియన్ అట్లాంటిక్ మహాసముద్రమునను మునిగినవి. రెండును ఇంచుమించు 3,000 మీటర్ల లోతుననే పడియుండినవి. స్కార్పియన్ ఐదు నెలలకు దొరకెను. డకార్ దొరకుటకు 31 సంవత్సరములు పట్టెను. లోతు సమానమైనప్పుడు ఈ వ్యత్యాసమునకు లోతు కారణము కాజాలదు గదా! గత అరువదేండ్ల అన్వేషణల నొక వరుసలో పెట్టి చూచిన కొలదియు నాకు మా వీధి వృద్ధుని మూడు ప్రశ్నలే జ్ఞప్తికి వచ్చుచున్నవి: ఎప్పుడు, ఎక్కడ, ఏ విధముగా. ఈ మూడింటికి సమాధానము మునుగుటకు ముందే సిద్ధమైయున్నచో సముద్రము ఏదో యొక విధముగా లొంగుచున్నది, లేనిచో లొంగుటలేదు.

మొదట టైటన్ మాట. అది సుమారు 22 అడుగుల పొడవు గల నౌక. కార్బన్ ఫైబర్‌తో చేసిన గొట్టమునకు ఇరుచివరల టైటానియం డిప్పలను అతికించి చేసినది. లోనికి ఐదుగురు ప్రవేశించిన పిమ్మట బయటనుండి బోల్టులు బిగించి మూసెడివారు. కెనడా దేశపు న్యూఫౌండ్‌లాండ్ తీరమునకు కొన్ని వందల మైళ్ల దూరమున, సుమారు 3,800 మీటర్ల లోతున నున్న టైటానిక్ శిథిలమును చూచుటకై, జూన్ 18వ తేదీ ఉదయమున పోలార్ ప్రిన్స్ అను తల్లియోడనుండి బయలుదేరి మునిగిన ఆ నౌక, గంట నలువదియైదు నిమిషములు గడచిన పిమ్మట మాట్లాడుట మానినది. అమెరికా తీరరక్షక దళమునకు కబురు చేరునప్పటికి మరి ఏడెనిమిది గంటలు గడచిపోయినవి. ఈ ఆలస్యమును నిందించుట సులభమే గాని, దాని వెనుకనున్న అసలు దోషము మరియొకటి. ఆ నౌకకు మౌనము అలవాటు. 2022లో దాని యాత్రను చిత్రించుటకు వెళ్లిన పాత్రికేయుడొకడు, పైనున్న ఓడకును క్రిందనున్న నౌకకును మాట తెగి, అది శిథిలమును చేరలేక కొన్ని గంటలు అడుగున తిరుగాడిన వైనమును లోకమునకు తెలిపియే యుండెను. రోజును ఆలస్యముగా ఇలు చేరువాడు ఒకనాడు నిజముగా ఆపదలో చిక్కినను ఇంటివారు అన్నము మూతపెట్టి నిద్రపోవుదురు. మాట తెగుట మామూలైన చోట మౌనము అపాయసూచన కానేరదు. వృద్ధుని మొదటి ప్రశ్న యగు 'ఎప్పుడు' అనునది అక్కడనే మసకబారినది.

రెండవది 'ఎక్కడ'. వెదకువారి యెదుట ఆనాడు మూడు లోకములు నిలిచినవి. బరువులను జారవిడిచి నౌక పైకి తేలియుండవచ్చును. అట్లయినచో అలల నురుగులో తెల్లని చుక్కవలె కనబడీకనబడక తేలియాడుచుండును గాని, బోల్టులు బయట నుండుటచే లోనివారు తలుపు తెరచుకొని గాలి పీల్చుకొనుటకైనను వీలులేదు. పైకి రాలేక, అడుగునకు పోలేక నడిమి నీటిలో ప్రవాహముతో కొట్టుకొనిపోవుచుండవచ్చును. అడుగున టైటానిక్ ఇనుప శకలముల నడుమ చిక్కియుండవచ్చును. మొదటిదానికి విమానములు కావలెను, రెండవదానికి వినెడు యంత్రములు కావలెను, మూడవదానికి 4,000 మీటర్లు దిగగల దీపములును కన్నులును కావలెను. ఒకదానికి తెచ్చిన సాధనము మరియొకదానికి పనికిరాదు. గడువు మాత్రము మూడింటికి ఒక్కటే, 96 గంటల ఊపిరి. రెండు దినములు గడచునప్పటికి సుమారు 10,000 చదరపు మైళ్ల నీటి ఉపరితలమును గాలించిరని ప్రకటించిరి. ఉపరితలము మాత్రమే సుమండీ! దానికి రెండున్నర మైళ్ల లోతును జోడించి చూచినగాని ఆ అంకె ఎంత చిన్నదో తెలియదు.

నీటి స్వభావమును గూర్చి కొంచెము చెప్పక తప్పదు. సూర్యకాంతి 200 మీటర్లు దాటినంతనే క్షీణించి, 1,000 మీటర్లకు దిగువ నామమాత్రమైనను మిగులదు. రేడియో తరంగములను ఉప్పునీరు మింగివేయును; కావున మన జేబులోని ఫోనునకు వీధి మలుపు చూపు ఉపగ్రహములకు ఆ లోకమున అధికారము లేదు. మిగిలినది శబ్దమొక్కటే. శబ్దము నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగమున, అనగా గాలిలోకంటె నాలుగు రెట్లకు పైగా వడిగా పరుగెత్తును. అయినను అది ఋజుమార్గమున పోదు. వెచ్చని పైనీటికిని చల్లని దిగువనీటికిని నడుమ వంగి, కొన్ని తావులను అసలు తాకక, చెట్టుక్రింది నీడవలె శబ్దపు నీడలను మిగుల్చును. ఆ నీడలో నున్నవాడు గొంతు చించుకొన్నను ప్రక్కనున్న ఓడకు వినబడదు. ఒక లోతున పట్టుబడిన శబ్దమో, కాలువలో పడిన నీరువలె వేల మైళ్లు ప్రవహించి మరియొక ఖండపు చెవిని చేరును.

ఓడ అడుగునుండి శబ్దమును వదలి, దాని ప్రతిధ్వనితో సముద్రపు నేలను చిత్రించు సోనార్ యంత్రములు నేడు ఎన్నియో కలవు. అయితే ఒక డిగ్రీ వెడల్పు గల శబ్దకిరణము 4,000 మీటర్లు దిగునప్పటికి నేలపై సుమారు 70 మీటర్ల వెడల్పుగా పరచుకొనును. అంత చోటును యంత్రము ఒక్క చుక్కగా చూపును. ఇరువదిరెండడుగుల నౌక, అనగా ఏడు మీటర్లైనను నిండని నౌక, ఆ చుక్కలో పదియవ వంతు. సూక్ష్మముగా చూడవలెనన్నచో హెచ్చు పౌనఃపున్యపు శబ్దమును వాడవలెను. అట్టి శబ్దము దూరము పోలేదు గనుక యంత్రమునే నేల దగ్గరకు దింపవలెను. అప్పుడు ఓడ వెనుక పదేసి కిలోమీటర్ల తీగెను వ్రేలాడదీసి, మనిషి నడక వేగమున లాగుచు పోవలసివచ్చును; ఒక చాలు ముగించి వెనుకకు మరలుటకే కొన్ని గంటలు పట్టును. పాతాళగరిగెకు ఇంతకంటె దగ్గరి బంధువు నాకు కనబడలేదు. తీగె అక్కరలేక తనంత తాను ఈదుచు పటము గీయు జలయంత్రములు వచ్చిన పిమ్మట ఈ కష్టము కొంత తీరినది. అయినను అవి చూచివచ్చిన దానిని పైకి వచ్చిన పిదప గాని చెప్పలేవు. అనుమానము తగిలిన ప్రతి చుక్కను మరల దీపముతోను కెమెరాతోను పోయి చూడవలసినదే. ఆ దీపపు వెలుగు కొన్ని మీటర్లు దాటదు.

ఇంతటి లోకమున చెవియే కన్నైనప్పుడు, విన్నదానికి అర్థము చెప్పుట వినుటకంటె కష్టమగుచున్నది. టైటన్ మౌనము వహించిన దినముననే అమెరికా నావికాదళపు శ్రవణయంత్రములు, నౌక నలిగిపోయినప్పుడు పుట్టదగిన శబ్దమును పోలిన దానినొకదానిని పట్టుకొన్నవి. ఆ సంగతి అన్వేషణ నడుపు అధికారులకు తెలుపబడెను. కాని నిశ్చయముగా అదియే యని చెప్పుటకు వీలులేనందున వెదకుట ఆగలేదు, బయటివారికి అప్పుడు తెలియనులేదు. ఇంతలో 20వ తేదీన కెనడా విమానములు నీటిలో జారవిడిచిన సోనోబాయ్‌లకు, అనగా మైకులను క్రిందికి వ్రేలాడదీసికొని తేలియాడు గొట్టములకు, తలుపు తట్టినట్లు ఏదో చప్పుడు వినబడినది. అరగంట కొకమారు వినబడినదని వార్త పొక్కినది. అరగంట కొకమారు! జలాంతర్గామిలో చిక్కిన నావికుడు తట్టవలసిన తీరు అదియే యని తెలిసినవారు చెప్పగా, లోకమంతయు ఆ చప్పుడునకు చెవియొగ్గినది. వెదకు యంత్రములను అటు మరల్చిరి. ఏమియు దొరకలేదు. ఆ చప్పుడునకును టైటన్‌కును సంబంధము లేదని పిమ్మట తేలినది. నిజమైన సాక్ష్యము సంశయమువలెను, సంశయము సాక్ష్యమువలెను కనబడిన ఆ నాలుగు దినములను తలచుకొన్నప్పుడు, మొదటినాటి శబ్దమును విని వెదకుట మానలేదని ఆ అధికారులను నేను తప్పు పట్టజాలను. ఐదు ప్రాణములు త్రాసు యొక్క ఒక తట్టలోను, ఒక అస్పష్టమైన శబ్దము మరియొక తట్టలోను ఉన్నప్పుడు మొగ్గవలసినది ఎటో తెలియుచునే యున్నది.

వినియుండుట వేరు, విన్నదానిని దాచియుంచుకొని మరల పరీక్షించుట వేరు. 1968 మార్చిలో సోవియట్ జలాంతర్గామి కె-129 ఉత్తర పసిఫిక్‌లో మాయమైనప్పుడు, దాని స్వంతదారులు నెలల తరబడి సముద్రమును గాలించి చేతులెత్తివేసిరి. అమెరికావారు తమ శ్రవణకేంద్రముల పాత నమోదులను తిరుగవేసి, సుమారు 5,000 మీటర్ల లోతున దానిని పట్టుకొనిరి. ఒకటే సముద్రము, ఒకటే నౌక. వెదకినవాడు ఓడిపోగా వినినవాడు గెలిచెను. 2017 నవంబరు 15న 44 మందితో అర్జెంటీనా జలాంతర్గామి సాన్ హువాన్ కనుమరుగైనప్పుడు, అణుపరీక్షలను పసిగట్టుటకై అసెన్షన్, క్రోజే ద్వీపముల దగ్గర నీటిలో అమర్చిన అంతర్జాతీయ శ్రవణయంత్రములు ఆ శబ్దమును నమోదు చేసినవి. అంతటి ఆధారముండియు, లోయలు దొనలు నిండిన ఆ నేలపై 907 మీటర్ల లోతున దానిని కన్నులార చూచుటకు సరిగా ఒక సంవత్సరము పట్టెను.

ఇక శబ్దమును లెక్కగా మార్చిన విద్యను గూర్చి. స్కార్పియన్ అన్వేషణలో జాన్ క్రేవెన్ అను శాస్త్రజ్ఞుడు నావికులను, ఇంజనీర్లను కూర్చుండబెట్టి, నౌక ఏ కారణమున ఎటు తిరిగి ఎట్లు మునిగియుండునో మీ మీ అభిప్రాయములు చెప్పుడని, ఒక్కొక్క అభిప్రాయముపై విస్కీ సీసాలను పందెముగా ఒడ్డించెనట! పందెములో మనిషి తనకు నిజముగా నున్న నమ్మకమునే ఒడ్డును. సభలో మాత్రము గౌరవమునకై మాట్లాడును. ఆ పందెములను సముద్రపటముపై గళ్లుగా గీసి, ఏ గడిలో ఎంత అవకాశమో అంకెలు వేసి, వెదకి దొరకని గడి అంకెను తగ్గించి తక్కినవాని అంకెలను పెంచుచు పోయెను. 1968 అక్టోబరు చివర మైజార్ అను ఓడ స్కార్పియన్‌ను కనుగొన్నప్పుడు అది ఆ అంచనాకు కొన్ని వందల గజముల దూరముననే యుండెను.

ఈ పద్ధతి మన యిండ్లలో తెలియనిది కాదు. చెవిదుద్దు జారిపోయినప్పుడు వంటయింట వెదకితిమి, దొరకలేదు. అప్పుడు పెరటిపై అనుమానము పెరుగును. కాని వంటయింటిని వెదకినది ఏ వెలుగులో? పట్టపగలు వెదకియుండినచో ఆ గది నిర్దోషి. చమురులేని బుడ్డిదీపముతో వెదకియుండినచో, దొరకలేదను మాటకు విలువ ఎంత? ఎయిర్ ఫ్రాన్స్ విమానము 447 కథయంతయు ఈ బుడ్డిదీపపు కథయే. అది సబ్‌మెర్సిబుల్ కాదు, విమానము. అయినను అగాధమున వెదకుట అనెడి విద్యకు దానికంటె మంచి పాఠము మరియొకటి లేదు. 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్‌లో పడిన ఆ విమానపు నల్లపెట్టెలు, నీట మునిగినంతనే టిక్కుటిక్కుమని నెలదినములు కూయవలెను. ఓడలు ఆ కూతకై విమానపు చివరి జాడ చుట్టును చెవియొగ్గి తిరిగినవి. వినబడలేదు. వినబడలేదు గనుక అక్కడ లేదని ఆ చోటును కొట్టివేసి, రెండు సంవత్సరములపాటు దూరదూరములందు వెదకిరి. 2011లో గణితజ్ఞులు కూర్చుండి, కూతపెట్టెలే చెడిపోయియుండినచో, అని ప్రశ్నించుకొని, కొట్టివేసిన చోటునకు మరల ప్రాణము పోయగా, ఏప్రిల్ నెలలో జలయంత్రములు కొలదిదినములలోనే సుమారు 3,900 మీటర్ల లోతున, చివరి జాడకు ఆరున్నర నాటికల్ మైళ్ల దూరముననే, దానిని కనుగొన్నవి. రెండేండ్ల శ్రమను వృథా చేసినది సముద్రము కాదు. 'వినబడలేదు' అను మాటను 'లేదు' అని చదివిన మానవుడు.

డకార్ విషయమున జరిగినది దీనికి తలక్రిందు. 1969 ఫిబ్రవరిలో దాని అపాయసూచక తేలుబుడ్డి గాజా తీరమునకు కొట్టుకొనివచ్చి ఒక జాలరికి దొరకెను. ఏడాదిగా ఏ జాడయు లేక విలవిలలాడుచుండిన వారికి చేతికి తగిలిన ఆ ఒక్క వస్తువు వేదవాక్యమైనది. దాని తీగెను, దానికి పట్టిన నాచును పరీక్షించి, నౌక తన దారి తప్పి ఎక్కడనో తక్కువ లోతున మునిగినదని నిపుణులు తేల్చిరి. దశాబ్దముల తరబడి ఆ తావులనే వెదకిరి. 1999 మే నెలలో అది దొరకినది క్రీటునకును సైప్రసునకును నడుమ, తాను పోవలసిన దారిలోనే. సాక్ష్యము లేకపోవుటకంటె ఒకే సాక్ష్యముండుట ఒక్కొక్కప్పుడు ఎక్కువ చెరుపు చేయునని నా అభిప్రాయము.

మూడవ ప్రశ్న, త్రాడుతో పడినదా అనునది, నాకు అన్నిటికంటె ఇష్టమైనది. 1963 ఏప్రిల్ 10న అమెరికా జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగినప్పుడు దానికి తోడుగా వచ్చిన ఓడ దాని చివరి శబ్దములను నెత్తిమీదనుండియే వినినది. అయినను అది పడినచోటు నెలల పిమ్మట గాని స్థిరపడలేదు. ట్రియెస్ట్ అను నిమజ్జన నౌక సుమారు 2,560 మీటర్లు దిగి, తన ఇనుపచేతితో ఒక వంకరపోయిన రాగిగొట్టమును పట్టి తెచ్చెను. దానిపై 593 అని థ్రెషర్ సంఖ్య చెక్కియుండెను. ఇరువదేండ్లు గడచిన పిమ్మట, థ్రెషర్, స్కార్పియన్ శిథిలములను రహస్యముగా పరిశీలించుటకు నియుక్తుడైన రాబర్ట్ బాలర్డ్, నలిగిన నౌకనుండి చెదరిన శకలములు ప్రవాహమున తోకవలె సాగి చాలదూరము పరచుకొనుటను గమనించెను. మిగిలిన కొలదిదినములలో టైటానిక్‌ను వెదకుటకు అనుమతి దొరకగా, ఆయన ఓడను వెదకలేదు, తోకను వెదకెను. అంతకుముందు ఫ్రెంచి సహచరులు సోనార్‌తో ఆ ప్రాంతమును వారములపాటు దున్నియుండిరి. 1985 సెప్టెంబరు 1వ తేదీ తెల్లవారుజామున వ్రేలాడు కెమెరా క్రింద మొదట కనబడినది ఓడ కాదు, రివెట్లు పొదిగిన గుండ్రని బాయిలరు ముఖము. నూతిగట్టుపై కూర్చున్న వృద్ధునికి బాలర్డ్ ఎవరో తెలియదు గాని, త్రాటిని వెదకుమను సూత్రము ఇరువురిదియు నొక్కటే.

అన్నియు విషాదములు కావు. 1973 ఆగస్టు 29న ఐర్లండ్ తీరమునకు దూరమున టెలిఫోను తీగె పాతుచుండిన పైసిస్-3 అను సబ్‌మెర్సిబుల్, పైకి తేలి ఓడను చేరబోవు క్షణమున వెనుక గది మూత ఊడి నీరు నిండి, 480 మీటర్ల అడుగునకు జారినది. లోన రోజర్ చాప్‌మన్, రోజర్ మాలిన్సన్ అను ఇరువురు. వారి వద్ద ఒక సాండ్విచ్, ఒక డబ్బా నిమ్మరసము. పైవారితో మాట్లాడు జలాంతర టెలిఫోను మాత్రము చెడలేదు. అంత తక్కువ లోతున, మాట వినబడుచుండగనే, వెదకబోయిన జతనౌకలలో ఒకటి చెడి వెనుకకు వచ్చినది, మరియొకటి చాలసేపు వారిని కానలేకపోయినది. 76 గంటలకు వారు పైకి వచ్చినప్పుడు మిగిలియుండిన ఊపిరి 12 నిమిషములకు సరిపడునది. 2005 ఆగస్టులో కాంచట్కా దగ్గర 190 మీటర్ల లోతున తీగెలలో చిక్కిన రష్యా నౌక ఏఎస్-28 లోని ఏడుగురును బ్రిటిషు యంత్రము ఆ చిక్కులను కత్తిరించిన పిమ్మట బయటపడిరి. ఇక ఆల్విన్ అను సబ్‌మెర్సిబుల్ సంగతి వేరు. 1968 అక్టోబరులో దింపుచుండగా తీగెలు తెగి, లోనివారు చప్పున దుమికి బయటపడగా, తెరచిన మూతతోనే 1,500 మీటర్లు మునిగిన ఆ నౌక, మరుసటి సంవత్సరము పైకి తేబడినప్పుడు, నాటి భోజనపు పొట్లములోని సాండ్విచ్‌లు నానియుండినను కుళ్లక యుండినవట! అగాధము వస్తువును దాచుటలో ఎంత లోభియో, చెడకుండ కాపాడుటలో అంత శ్రద్ధ గలది.

మన తీరమునకును ఈ ప్రశ్న పరాయిది కాదు. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గల 53 మందితో బాలి ద్వీపమునకు ఉత్తరమున మాయమైన మరునాడే, మన నౌకాదళపు రక్షకనౌక విశాఖపట్టణమునుండి బయలుదేరినది. ఊపిరికి గడువు 72 గంటలు. మన నౌక మార్గమధ్యమున నుండగనే, 838 మీటర్ల లోతున ముక్కలైన నంగ్గల కనబడినది. మన రక్షకనౌక దిగగల హద్దు 650 మీటర్లు. 2016 జూలై 22న తాంబరమునుండి పోర్టుబ్లెయిరునకు పోవుచు బంగాళాఖాతమున పడిన వైమానికదళ విమానములోని 29 మందిలో ఎనిమిదిమంది విశాఖ నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. ఓడలు, విమానములు వారములపాటు వెదకి విరమించినవి. ఏడున్నర సంవత్సరములకు, 2024 జనవరిలో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి జలయంత్రము 3,400 మీటర్ల లోతున ఆ శకలముల ఛాయాచిత్రములు తీసినది. సముద్రపు గాలి సోకని హైదరాబాదున కూర్చుండి, నీటిపై తప్పిపోయిన వస్తువు ఎటు కొట్టుకొనిపోవునో గణించి చెప్పు ఇన్‌కాయిస్ సంస్థ మనకున్నది. అది మూడు లోకములలో మొదటిదానికి, ఉపరితలమునకు, సంబంధించిన విద్య. తక్కిన రెంటికిని మన సన్నాహము ఇప్పుడిప్పుడే మొదలైనది.

చెన్నైలోని ఆ జాతీయ సముద్ర సాంకేతిక సంస్థయే మత్స్య-6000 అను మన స్వంత సబ్‌మెర్సిబుల్‌ను సిద్ధము చేయుచున్నది. 2.1 మీటర్ల వ్యాసము, 80 మిల్లీమీటర్ల మందము గల టైటానియం గోళములో ముగ్గురు కూర్చుండి 6,000 మీటర్లు దిగుదురు. సోమకాసురుడు దాచిన వేదములను వెదకి తెచ్చిన అవతారపు పేరు పెట్టుటలో ఔచిత్యమున్నది; అయితే ఆ మత్స్యమును వెదకవలసివచ్చినచో ఏమిచేయుదుమను ప్రశ్న పురాణమున లేదు. గోళపు మందమును గూర్చి మనవారికి గల శ్రద్ధ ప్రశంసనీయము. ఆ శ్రద్ధయే, నౌక విద్యుత్తుతో సంబంధము లేక తనంత తాను కూయు శబ్దదీపమును గూర్చియు, ఎన్ని నిమిషముల మౌనమును అపాయముగా ఎంచి పై ఓడ కబురు పంపవలెనను నియమమును గూర్చియు, ఆ కబురు ఎవరికి పోవలెనను విషయమును గూర్చియు ఉండవలెను. అవి గోళముతో పోల్చినచో చవుక వస్తువులు. కొన్ని కేవలము కాగితముపై వ్రాసికొనవలసిన మాటలు.

మత్స్యను గూర్చి వెలువడు ప్రకటనలలో అత్యవసర సమయమున 96 గంటల ఊపిరి యను అంకె తప్పక కనబడుచున్నది. దాని ప్రక్కన మరియొక అంకెను కూడ ముద్రింపవలెనని నా మనవి: అంత లోతునకు దిగగల మరియొక యంత్రము రేవునుండి బయలుదేరి, ఆ చోటును చేరి, అడుగును తాకుటకు పట్టు గంటలెన్ని? టైటన్‌కు మొదటి అంకె 96. ఒడిస్సియస్ అను యంత్రము బఫెలో నగరమునుండి సైనిక విమానములలో న్యూఫౌండ్‌లాండ్ చేరి, అచ్చట ఓడ యెక్కి, జూన్ 22వ తేదీ ఉదయమున సముద్రపు అడుగును తాకి, టైటానిక్ ముంగొమ్ముకు సుమారు 1,600 అడుగుల దూరమున టైటన్ శకలములను చూచునప్పటికి గడచిన గంటలును ఇంచుమించు 96యే.